కామాటిపురలో సర్వపిండి

2012లో నాకు ముంబై బదిలీ అయింది. మా శాఖలో అటెండరుగా ఉన్న తెలుగాయన రెండుసార్లు భోజనానికి పిలిచాడు. ఇల్లు కామాటిపుర అనగానే ఏదో పని ఉందని తప్పించుకున్నాను. ఆ పేరు వింటే లోకం ఏమనుకుంటుందో మీకు తెలియనిది కాదు. గుంటూరులో బీకాం చదివిన నాకూ అంతకుమించి తెలియదు.

కామాటి అంటే కూలిపని చేసుకునేవాడు. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడి సముద్రపు పోటు ఆగాక, అక్కడి పల్లపు నేల మెల్లగా నివాసానికి పనికొచ్చింది. నిజాం రాజ్యం నుంచి బొంబాయి కట్టడాల పనికి వచ్చిన మన తెలుగు కూలీలు అక్కడ స్థిరపడ్డారు. పేటకి వాళ్ళ పేరే వచ్చింది. తర్వాత వచ్చిన చెడ్డపేరు వాళ్ళు తెచ్చింది కాదు.

ఏడాది తర్వాత మూడోసారి పిలిస్తే మా ఆవిడతో కలిసి వెళ్ళాను. చాల్‌లో ఒకటే గది, మూలన ఒకటే స్టవ్. వాళ్ళమ్మగారు బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కారం కలిపి, నూనె రాసిన గుండ్రటి గిన్నె లోపల పలచగా అద్దారు. వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనెచుక్కలు వేసి, మూతపెట్టి సన్నసెగ మీద ఉంచారు. అదే సర్వపిండి, కొందరు తపాలచెక్క అంటారు. పక్కన పచ్చిపులుసు. దానికి పొయ్యితో పనేలేదు! మన గోంగూర ఆ ఇంట్లో పుంటికూర, బజారులో అడగాల్సి వస్తే మరాఠీ అంబాడి.

"మా అత్త గిట్లనే చేస్తుండె సారూ. పొద్దున పనికి కట్టిస్తే పొద్దుమీకిదాంక ఖరాబు గాదు," అన్నారామె.

ఆ ఇంట్లో నాలుగు తరాలుగా అందరూ బొంబాయిలోనే పుట్టారు. ధారావిలో కాపురమున్న కూతురికి సారెతో ఇలాంటి గిన్నే ఇచ్చి పంపారట.

ఇంటికొచ్చి మా ఆవిడ ప్రయత్నించింది. మొదటిది బాగానే వచ్చింది. రెండోది అద్దబోతే చెయ్యి కాలింది. మర్నాడు ఆఫీసులో అడిగితే అటెండరు నవ్వాడు. "గిన్నె బోర్లించి నీళ్ళు పోసి సల్లార్చాలె సార్. అప్పుడు అద్దాలె. అమ్మ చెప్పనే లేదా?"

చెప్పే ఉంటారు. నేనే గిన్నె వైపు కాక గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను, చీకటి పడకముందే ఆ వీధి దాటాలని. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.