రేపటి నుంచి మహానందిలో

సర్దుడు అయిపోయింది. ట్రంకు పెట్టె, బకెట్టు, జేజి చేసిచ్చిన చెనిక్కాయల పొడి. రేపు మహానంది వ్యవసాయ కళాశాలలో చేరుతున్నా, బీఎస్సీ అగ్రికల్చర్.

"ఇంజనీరింగ్ సీటు రాలేదా పాపా?" అని వెలుగోడు బస్టాండులో అడగనోళ్లు లేరు. నేనే ఇది కోరుకున్నానంటే నమ్మరు. సేద్యానికి చదువెందుకని ఇంకో పెద్దాయన. ఆయన ఇంట్లో తినేది నంద్యాల సోనా. ఆ వడ్ల రకం (ఎన్‌డీఎల్‌ఆర్-7) పుట్టింది నంద్యాల పరిశోధన స్థానంలోనే. 1906 నుంచీ ఉందది, నరసింహ పత్తి కూడా అక్కడిదే. చదువుకున్నోళ్లు చేసిందే కదా పెద్దాయనా!

పెద్ద పెద్ద ఆశలేం లేవు. పురుగుల్ని పట్టి, సూది గుచ్చి, పేర్లు రాసి పెట్టెలో అమర్చే పని ఉంటదంట. దానికోసమే కాచుకోనున్నా. మా నాయనకు అన్నీ "పురుగు పడింది" అంతే. అంగట్లో ఏ డబ్బా ఇస్తే అది కొడతాడు. అది ఏ పురుగో, గుడ్డు మీదుందో లద్దె మీదుందో చెప్పగలిగితే ఒక తూరి మందు ఖర్చయినా మిగులుతుంది.

ఆఖరి ఏడు రైతుల దగ్గర ఊళ్లోనే ఉండి నేర్చుకోవాలంట. ఆ ఊరు మా వెలుగోడే అయితే బాగుండు. ఇంటన్నం తినొచ్చు, పైగా మొదట పోయేది ఆ పెద్దాయన చేనికే.

పాఠాలు ఇంగ్లీషులో అంటే మాత్రం దడగానే ఉంది. సీనియర్లు ఎవరన్నా చూస్తుంటే చెప్పండి, హాస్టల్లో పరుపు ఇస్తారా, మేమే తెచ్చుకోవాలా? నాయన తాడు పట్టుకుని కూర్చున్నాడు.