శిఖం వారసుడు

తెలంగాణ పల్లెల్లో శిఖం భూమి అని ఒక మాట ఉంది. చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకునే మేర. నీళ్లు వెనక్కి తగ్గితే ఆ నేలలో ఒక పంట తీసుకోవచ్చు. మళ్లీ చెరువు పొంగితే రైతు కట్టెక్కి చూస్తూ నిలబడాల్సిందే. పట్టా ఎవరిదైనా ముందు హక్కు నీటిది. (శిఖాల్లో లేచిన అపార్ట్‌మెంట్లకు ఈ మర్యాద తెలియదనుకోండి, అది వేరే కథ.)

జేమ్స్ గ్రిఫిన్ బాస్వెల్ అనే అమెరికా పత్తి ఆసామి జీవితం చదివినప్పటి నుంచి ఈ మాట నన్ను వదలడం లేదు.

కాలిఫోర్నియాలో తులారే అనే సరస్సు ఉండేది. మిసిసిపీ నదికి పడమట అంత పెద్ద మంచినీటి సరస్సు మరొకటి లేదు. సియెర్రా నెవాడా కొండల మీద మంచు కరిగితే నాలుగు నదులు దిగివచ్చి అందులో చేరేవి. ఒడ్డున యోకుట్స్ జనం చేపలు పట్టుకుంటూ, తుంగతో పడవలు కట్టుకుంటూ బతికారు. తరవాత వచ్చినవాళ్లు నదులను కాలువలకు మళ్లించారు. సరస్సు అడుగు బయటపడింది. నల్లటి బంకమన్ను, కనుచూపు మేర చదును. పత్తికి ఇంకేం కావాలి?

జార్జియాలో ముక్కుపురుగు పత్తికాయలను తినేస్తుంటే కల్నల్ బాస్వెల్ పడమటికి వచ్చి, 1921లో కోర్కొరాన్ ఊళ్లో కంపెనీ పెట్టాడు. 1952లో ఆయన పోయాక పగ్గాలు సోదరుడి కొడుకు జేమ్స్ చేతికొచ్చాయి. పెద్దాయన పేరే ఈయనకూ. అప్పటికి 29 ఏళ్లు. స్టాన్‌ఫర్డ్ చదువు, రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో సైనికోద్యోగం ముగించుకుని వచ్చినవాడు.

తాతలు సంపాదిస్తే మనవలు తగలేస్తారన్న కథలు మనకు కొల్లలు. ఈయన ఆ కోవలో పడడు. ఒక్క కాలిఫోర్నియాలోనే 1,50,000 ఎకరాల దాకా పెంచాడు. ఆస్ట్రేలియాలో పత్తి వేయించాడు. అరిజోనాలో కంపెనీ పొలాల మీద, భాగస్వామితో కలిసి, విశ్రాంత జీవుల కోసం సన్ సిటీ అనే ఊరినే లేపాడు. జనరల్ ఎలక్ట్రిక్ డైరెక్టర్ల బోర్డులో ఏళ్ల తరబడి కూర్చున్నాడు. పశువుకు తాడు విసురుతూ కుడిచేతి వేళ్లు రెండు పోగొట్టుకున్నాడు. ఆ బోర్డు సమావేశాల్లో చేతులు కలిపినవాళ్లకు ఆ వేళ్ల లోటు తగిలే ఉంటుంది. నాకు మాత్రం ఆయన ఆస్తులకన్నా ఆ చెయ్యే ఎక్కువ గుర్తుంటుంది.

పత్రికలవాళ్లకు చాలాకాలం దొరకలేదు. కనబడకపోవడం ఆయనకు అలవాటు, వ్యాపారం కూడా.

కానీ నీళ్లు మనిషిని దాక్కోనివ్వవు. 1954లో కింగ్స్ నది మీద పైన్ ఫ్లాట్ డ్యామ్ పూర్తయింది. ప్రభుత్వ ప్రాజెక్టు నీళ్లకు మనిషికి 160 ఎకరాల పరిమితి ఉండేది. అది సైన్యం వరద నివారణకు కట్టిన డ్యామ్ కాబట్టి మాకు వర్తించదని పెద్ద రైతులు వాదించారు, వాదించారు, చివరికి 1982లో చట్టమే మార్పించుకున్నారు. భూపరిమితి చట్టం వస్తోందని పాలేర్ల పేర పట్టాలు రాయించిన కాలం తెలిసిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు.

వింత 1969లో ఉంది. ఆ ఏడు వరదొచ్చి సరస్సు తన చోటికి తాను వచ్చేసింది. అక్కడి నీటి మండలిలో ఓటు మనిషికి కాదు, భూమికి. పన్ను కోసం కట్టిన విలువలో ప్రతి వంద డాలర్లకు ఒక ఓటు. ఒక్క బాస్వెల్ కంపెనీవే 37,825. మెజారిటీకి అవి చాలు. మండలి పరిధిలో నివసించే జనం 77 మంది, అందులో పిల్లలు 18 మంది. ఆ హోదాలో వాళ్లకు ఓటే లేదు. వరద నీటిని బ్యూనా విస్టా పల్లానికి మళ్లించాలన్న ప్రతిపాదనను మండలి పక్కన పెట్టింది. ఆ పల్లంలో బాస్వెల్ కంపెనీకి కౌలు ఉంది. ఒక నివాసి ఇల్లు వరద మట్టానికి 15½ అడుగుల దిగువన ఉంది. ఈ ఓటు పద్ధతి మీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1973లో ఆరుగురు జడ్జీలు భూమికి ఓటు సరేనన్నారు, ముగ్గురు కాదన్నారు.

ఈ తీర్పు గురించి చదివిన రాత్రి ఆలోచిస్తూ ఉండిపోయాను. ఎకరానికి గొంతు ఉండి మనిషికి లేకపోతే ఆ గొంతు ఎవరిది? వారసత్వంగా నేల వచ్చిందనుకుంటాం. నేలతోపాటు ఒక కరకట్ట కూడా వస్తుంది. దాన్ని రాత్రీ పగలూ కాచుకోవాలి. బాస్వెల్ ముప్పై ఏళ్లకు పైగా కాచాడు. చెడ్డవాడని తేల్చేయడం సులువు. ఎండా వానా తెలిసిన రైతు ఆయన, అదీ నిజమే. ఈ రెండూ ఒకరిలోనే ఉండటం నాకు మింగుడు పడదు.

ఆయన 2009 ఏప్రిల్‌లో, 86 ఏళ్ల వయసులో పోయాడు. 2023లో తుపానుల మీద తుపానులు వచ్చి తులారే లక్ష ఎకరాల మీద పరుచుకుంది. బోర్లు తోడి తోడి నేల కుంగిపోవడంతో కోర్కొరాన్‌కు కరకట్ట ఎత్తు పెంచాల్సి వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో నీటిపక్షులు దిగాయి. యోకుట్స్‌లో తాచి తెగవాళ్లు ఒడ్డుకు వచ్చి, తమ భాషలో సరస్సును పాషి అని పిలుస్తూ పాటలు పాడారు.

మరుసటి ఏడాదికి నీళ్లు చాలావరకు తగ్గాయి. నీళ్లు దిగిన మేర మళ్లీ ట్రాక్టర్లు దిగాయి.