మైలేజీ ఎంతిస్తోంది?

మా కారు చూసినవాళ్ళందరూ ముందు అడిగేది ఒకటే. "హైబ్రిడ్ కదా, మైలేజీ ఎంతిస్తోందండీ?" పెళ్ళిళ్ళలో అడుగుతారు, లిఫ్టులో అడుగుతారు, ఆఖరికి మా పాలబ్బాయి కూడా అడిగాడు. మావారు పక్కనుంటే నేను నోరు విప్పే పని లేదు. ఫోను తీసి యాప్ చూపించేస్తారు. మొన్న ఆయన లేనప్పుడు పై ఫ్లోర్ ఆవిడ అడిగితే, "నడిపితే ఇస్తుందండీ" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. నాకు ఆ మాట ఊరికే రాలేదు. అదే ఇవాళ మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

ముందు కారు సంగతి. మా పాత డీజిల్ బండి అమ్మేశాక, ఏ కారు కొనాలా అని మావారు ఆరు నెలలు లెక్కలు వేశారు. ఎన్ని కిలోమీటర్లు తిరిగితే హైబ్రిడ్‌కి ఎక్కువ పెట్టిన డబ్బు తిరిగొస్తుందో ఒక నోటు పుస్తకం నిండా రాశారు. ఇదే మనిషి పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు పది నిమిషాల్లో సరేనన్నారు! జపాన్‌లో 1997లోనే ప్రియస్ అనే హైబ్రిడ్ కారు వచ్చిందట. మన దగ్గర ఈ సైజు ఎస్‌యూవీల్లో 2022లో గ్రాండ్ విటారా, హైరైడర్ వచ్చాక మనలాంటి ఇళ్ళలో ఈ మాట వినిపించడం మొదలైంది. మాది ఏ కంపెనీదో మాత్రం చెప్పను. మెచ్చుకుంటే ప్రకటన అంటారు, తిడితే ఫిర్యాదు అంటారు.

దీనికి ప్లగ్గు పెట్టి చార్జింగ్ చేయక్కర్లేదు. పెట్రోలు ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది. మెల్లగా వెళ్తున్నప్పుడు మోటారు లాగుతుంది. బ్యాటరీ తగ్గినా, మనం గట్టిగా తొక్కినా ఇంజను లేస్తుంది. మామూలు కారులో బ్రేకు వేసినప్పుడు వేడి రూపంలో వృథాగా పోయే శక్తిని ఇది మళ్ళీ బ్యాటరీలోకి పంపుకుంటుంది. రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే పులిహోర చేసుకుంటాం చూడండి, అలాగన్నమాట.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది నలభై రెండేళ్ళకి, ఆ పాత డీజిల్ బండి మీదే. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగితే క్లచ్చు మీద కాలు వణికిపోయేది. ఇందులో ఎడమకాలికి పనే లేదు. జేఎన్‌టీయూ నుంచి మియాపూర్ దాకా వాహనాలు చీమల బారులా పాకుతున్నా ఇంజను ఆగిపోయి ఉంటుంది, ఏసీ మాత్రం వస్తూనే ఉంటుంది. మొదట్లో మా అత్తయ్యగారు భయపడ్డారు. సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా ఇంజను దానంతటదే గుర్రుమంటే, "ఎవరే అమ్మాయ్, ఎవరూ ముట్టుకోకుండా లేస్తోందిదీ?" అని దణ్ణం పెట్టుకున్నారు.

ఇబ్బందులూ ఉన్నాయి. పెద్ద బ్యాటరీ వెనక పెట్టడం వల్ల డిక్కీ చిన్నది. పుట్టింటి నుంచి వస్తూ బియ్యం బస్తా అందులో వేస్తే, ఆవకాయ జాడీ నా ఒళ్ళో కూర్చుని హైదరాబాద్ వచ్చింది. చప్పుడు లేకుండా కదులుతుంది కాబట్టి సెల్లార్‌లో వెనక్కి తీసేటప్పుడు అద్దం దించి "పిల్లలూ, పక్కకి రండమ్మా" అని కేకేస్తాను.

ఇక మైలేజీ. బ్రోషర్‌లో దాదాపు ఇరవై ఎనిమిది అన్నారు. మావారు ఆఫీసుకి వెళ్ళొస్తే ఇరవై రెండు, ఇరవై మూడు వస్తుంది. విజయవాడ హైవే మీద వేగంగా వెళ్తే ఇంకా తగ్గి పంతొమ్మిది. మామూలు కార్లకి హైవే మీద ఎక్కువ, ఊళ్ళో తక్కువ. దీనికి తిరగేసి. నేను నడిపితే? పద్నాలుగు. ఒక్కోసారి పదమూడు.

కిందటేడు నవంబరు చివర్లో మావారికి రాయపూర్ సైట్లో పని పడింది. నెలన్నర. వెళ్ళేముందు నాకు జాగ్రత్తలు చెప్పారు, కారుకి ఒక డ్యాష్‌క్యామ్ బిగించారు. రైతుబజారు, అమ్మాయి ట్యూషను, అత్తయ్యగారి మందుల షాపు, అన్నీ రెండు మూడు కిలోమీటర్ల లోపే. నేను హాయిగా కారు తీసేదాన్ని. సాయంత్రం ఫోనొచ్చేది. అత్తయ్యగారి ఆయాసం గురించి అడిగాక రెండో ప్రశ్న అదే. "ఏంటోయ్, ఇవాళ పద్నాలుగే వచ్చింది? గట్టిగా తొక్కుతున్నావా?" ఆ యాప్ రాయపూర్‌లో కూడా పని చేస్తుంది మరి.

ఆయన తిట్టలేదు. నవ్వుతూనే అనేవారు. కానీ రోజూ నవ్వుతూ అడిగితే అది కూడా పరీక్షే. పరీక్షలో రోజూ పద్నాలుగు మార్కులొచ్చే పిల్లకి బడికి వెళ్ళాలనిపిస్తుందా? నేను ఆటో ఎక్కడం మొదలుపెట్టాను. "కారు తీయట్లేదేం?" అని ఆయన అడగలేదు. కారు తీయకపోతే యాప్‌లో ఏ అంకే రాదు కదా, అడగడానికేముంది? మూడు వారాలు కారు సెల్లార్‌లో దుమ్ము పట్టింది.

డిసెంబరు చలి. ఒక రాత్రి ఒంటిగంటన్నరకి అత్తయ్యగారి గది నుంచి పిల్లికూతలు వినిపించాయి. ఆవిడకి ఉబ్బసం పాతదే. ఇన్‌హేలర్ కొట్టినా తగ్గలేదు. మంచం మీద ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, మాట రాక నా వంక చూస్తున్నారు. ఆసుపత్రి మూడు కిలోమీటర్లు. అమ్మాయిని బామ్మ దగ్గర ఉంచి తాళంచెవి పట్టుకుని సెల్లార్‌లోకి పరిగెత్తాను. మీట నొక్కాను. లైట్లు వెలగలేదు. తలుపు రాలేదు. మళ్ళీ నొక్కాను. అంత పెద్ద కారు రాయిలా నిలబడింది.

ఆ క్షణంలో నాకేమీ తోచలేదు. వాచ్‌మన్ లేచి, కింద ఫ్లోర్ మాస్టారి తలుపు కొట్టాడు. మాస్టారిది పదిహేనేళ్ళ పాత చిన్న కారు, ఒక్క తిప్పుకి లేచింది. లుంగీ మీదే వచ్చి స్టీరింగ్ పట్టుకున్నారాయన. వెనక సీట్లో అత్తయ్యగారి వీపు నిమురుతూ, నేను దేవుణ్ణి తలుచుకోలేదు. ఆ పద్నాలుగునే తలుచుకున్నాను. నెబ్యులైజర్ పెట్టారు, ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లవారేసరికి ఆవిడ కాస్త కాఫీ అడిగారు. అప్పుడు ఏడ్చాను.

మర్నాడు మెకానిక్ వచ్చాడు. ముందు నా చేతిలోని తాళంచెవి పక్కనున్న చిన్న బొడిపె నొక్కి, లోపల్నుంచి ఒక ఇనప తాళంచెవి బయటికి లాగాడు. అది అందులో ఉందని నాకు అన్నాళ్ళూ తెలీదు. "తలుపు తీసి లోపల కూర్చున్నా ఇది స్టార్టయ్యేది కాదమ్మా. తోసినా లేవదు" అన్నాడు. విషయమేమిటంటే, హైబ్రిడ్‌లో ఇంజన్ని తిప్పి లేపేది పెద్ద బ్యాటరీయే. కానీ దాన్ని కలిపే స్విచ్చులకీ, కంప్యూటర్లకీ కరెంటు ఇచ్చేది మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ. చిన్నది పడుకుంటే పెద్దది నిండుగా ఉన్నా లాభం లేదు. ఆ చిన్నదానికి మూడేళ్ళు నిండాయి, పైగా డ్యాష్‌క్యామ్ రాత్రీ పగలూ దాన్ని పీల్చింది. కారు కదిలి ఉంటే మళ్ళీ నిండేది. కదల్లేదు.

ఆ అబ్బాయినే ఇంకోటి కూడా అడిగాను. "నేను నడిపితే పద్నాలుగే వస్తుంది, ఎందుకు?" అతను నవ్వాడు. "రెండు కిలోమీటర్లకి ఎవరికైనా అంతేనమ్మా. చల్లగా ఉన్న ఇంజను ముందు వేడెక్కాలి కదా. అది వేడెక్కేలోపు మీరు దిగిపోతారు."

మావారు రెండోరోజు వచ్చారు. తల్లి పక్కన కూర్చుని చాలాసేపు చెయ్యి పట్టుకున్నారు. తర్వాత వంటింట్లోకి వచ్చి, "మూడు వారాలు కారెందుకు తీయలేదు?" అన్నారు. "మీరు మైలేజీ అడుగుతున్నారని" అన్నాను. పోపు మాడిపోయేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆయన తప్పయిందని అనలేదు. అనే అలవాటు లేదు. సెల్లార్‌లోకి వెళ్ళి డ్యాష్‌క్యామ్ తీగ పీకి, కొత్త బ్యాటరీ వేయించారు. ఆ ఆదివారం సంచి పట్టుకుని ఆయనే కారులో రైతుబజారుకి వెళ్ళొచ్చారు. వచ్చి వంకాయలు గట్టు మీద పెట్టి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు ఆ యాప్ నా ఫోన్‌లోనూ ఉంది. పదమూడు.

తప్పు ఆయనదొక్కరిదే అని నేననను. ఒక అంకెకి భయపడి స్టీరింగ్ వదిలేసింది నేనే. నలభై రెండేళ్ళకి, కాలు వణుకుతున్నా వదలకుండా నేర్చుకున్నదాన్ని, ఫోన్‌లో నవ్వుతూ అడిగిన ప్రశ్నకి వదిలేశాను.

మీ ఇంట్లో హైబ్రిడ్ ఉంటే, మీరు నడిపినా నడపకపోయినా ఈ మూడు గుర్తుపెట్టుకోండి. వారానికొకసారైనా అరగంట కారు కదలాలి. దాని చిన్న బ్యాటరీ ఎక్కడుందో, ఎప్పుడు మార్చారో తెలిసుండాలి. తాళంచెవి లోపలి తాళంచెవి ఎలా వస్తుందో ఇవాళే తీసి చూడండి. చీకట్లో, కంగారులో నేర్చుకునేవి కావివి.

మావారు మళ్ళీ రాయపూర్‌లో ఉన్నారు. నిన్న సాయంత్రం అత్తయ్యగారిని డాక్టరుకి చూపించి తీసుకొచ్చాను. ఫోన్ చేశారు.

"కారు తీశావా?"

"తీశాను."

"ఎంత..." అని ఆగారు. నేను నవ్వు ఆపుకుంటూ విన్నాను.

"ఎంతసేపు పట్టింది?" అన్నారు.