ఉప్పు చూసేవాణ్ని

బాన్సువాడలో మాకు హోటల్ ఉండేది. కింద చాయ్, నాష్తా, భోజనం. పైన కిరాయికిచ్చే నాలుగు కమ్రాలు. వెనక రెండు గదుల్లో మేము. హోటలోళ్ల పిల్లలం కాబట్టి రోజూ సమోసాలు, ఉస్మానియా బిస్కెట్లు తింటామని దోస్తులకు మా మీద కుళ్లు. తినేది నిజమే, మిగిలితే.

అందరికీ ఎండాకాలం సెలవులు, మాకు సీజన్. యాసంగి కోతలై చేతిలో నాలుగు పైసలు ఆడే రోజులవి. బడాపహాడ్ దర్గాకు మొక్కులున్నవాళ్లు, హిందువులైనా ముస్లిములైనా, పిల్లాజెల్లాతో దిగేవాళ్లు. అట్నుంచటే నిజాంసాగర్ చూసొచ్చేవాళ్లు. 1923లో మొదలై 1931కి పూర్తయిన ఆ కట్ట గురించీ, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ గురించీ అబ్బా ప్రతి ముసాఫిర్‌కూ చెప్పేవాడు, తానే రాళ్లు మోసినట్టు. ఎండలకు మంజీర ఎండిపోయాక అక్కడ చూడ్డానికేముందని మాత్రం ఎవరూ అడగలేదు.

కమ్రాలు నిండితే మా గదులు కూడా కిరాయికి పోయేవి. మేం మిద్దె మీద పడుకునేవాళ్లం. తిరిగొచ్చేసరికి నా మెత్తకు ఎవరిదో కొబ్బరినూనె వాసన.

గల్లా మీద అబ్బా. వంట అమ్మీది. హాలుకూ బావర్చీఖానాకూ మధ్య ఓ పాత పర్దా. దాని సందులోంచి గిన్నెలు వచ్చేవి, అమ్మీ రాదు. ఆమె చేతి ఖట్టీ దాల్, తలావా గోష్ తిన్నవాళ్లు అబ్బాకు షుక్రియా చెప్పి పోయేవాళ్లు.

1988లో రంజాన్ ఏప్రిల్, మే నెలల్లో పడింది. ప్రయాణంలో ఉన్నవాళ్లకూ రోజా లేనివాళ్లకూ తిండి కావాలి కదా, హోటల్ ముందర ఇంకో పర్దా కట్టి నడిపేవాళ్లం. అమ్మీ రోజాతోనే పొద్దంతా కట్టెల పొయ్యి దగ్గర. నాలుక కొసన రుచి చూసి ఉమ్మేస్తే రోజా పోదని మౌల్వీసాబ్ చెప్పినా ఆమెకు మనసొప్పలేదు. ఉప్పు చూసే పని నాకిచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

"బస్?"

"ఔర్ జరా, అమ్మీ."

కొన్నాళ్లు గొప్పగానే ఉండింది. కానీ నా ఈడు పిల్లలకు ఒక్కొక్కరికీ రోజా రఖాయి అవుతోంది. పూలహారం, కొత్త కుర్తా, దావత్. నా సంగతి ఎత్తితే, "నువ్వుంటే ఉప్పెవరు చూడాల్రా?" అని నవ్వేది.

ఓ రోజు సహరీ వేళ ఎవరికీ చెప్పకుండా లేచి, చల్లటి అన్నం తిని, కడుపునిండా నీళ్లు తాగి నియ్యత్ చేసుకున్నాను. మధ్యాహ్నం అమ్మీ చెంచా చాపింది. అటు తిరిగి, పెదాలకు ఆనించినట్టు నటించి, "బరాబర్ ఉంది" అన్నాను.

ఆ పూట దర్గా నుంచి వచ్చిన ఇరవైమంది సాలన్ అట్లే వదిలేసి లేచారు. నోట పెట్టలేనంత ఉప్పు. అబ్బా పర్దా నెట్టుకుని లోపలికొచ్చాడు. "నీ చేతులకేమైంది?" హాలంతా వినేట్టే అరిచాడు.

అమ్మీ నన్ను చూసింది. ఎండిపోయి పగిలిన నా పెదాలను చూసింది.

"గల్తీ నాదే. రెండుసార్లు పడ్డది," అంది.

మగ్రిబ్ అజాన్ వినపడగానే ఖజూర్ ముందు నా చేతిలో పెట్టింది. ఒక్కమాట అడగలేదు. మర్నాడు నన్ను పిలవలేదు. చెంచా కొస నాలుకకు తాకించుకుని, గబగబా పెరట్లోకి వెళ్లి ఉమ్మి, మూడుసార్లు పుక్కిలించి వచ్చి మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది.