ఉప్పుగాలి ఊళ్లో బ్రేకులు

బ్రేకు సరిగా పట్టడం లేదనగానే అందరి అనుమానమూ ప్యాడ్ల మీదికే పోతుంది. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసి, అరిగిపోయుంటాయని తేల్చేసి, కొత్తవి వేయించేస్తారు. సముద్రానికి దూరంగా ఉండే కర్నూలుకో కరీంనగర్‌కో ఈ లెక్క చాలావరకు సరిపోవచ్చు. విశాఖలో మాత్రం బ్రేకుల వయసును మీటరుతో పాటు క్యాలెండరులోనూ చూసుకోవాలి. పెదవాల్తేరులో వారమంతా చెట్టుకింద నిలబడి, ఆదివారం రైతుబజారు దాకా పోయొచ్చే కారుకి ప్యాడ్లు అరిగే అవకాశమే తక్కువ. అయినా కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉన్న పిన్నుల దగ్గర రబ్బరు తొడుగు చిట్లితే చాలు, ఉప్పు తేమ లోపలికి దూరి, గ్రీజు పాడై, పిన్ను బిగుసుకుపోతుంది. అప్పుడు జంట ప్యాడ్లలో ఒకటి పల్చబడిపోయినా రెండోది దళసరిగానే మిగులుతుంది. పిన్నుల జోలికి పోకుండా కొత్త జత బిగిస్తే కొన్నాళ్లు బాగున్నట్టే ఉండి, అదే జబ్బు తిరగబెడుతుంది.

కంటికి కనపడేదాన్ని నిందించడం తేలిక. రేవు పక్కన పాతపట్నం వాళ్లు బొగ్గు పొడినీ ఇనప ఖనిజం ధూళినీ తిట్టుకుంటారు. ఊపిరితిత్తుల సంగతికొస్తే ఆ కోపం న్యాయమే. మరికొందరు వానాకాలం పొద్దున్నే డిస్కు మీద ఎర్రటి తుప్పు చూసి కంగారుపడతారు. ఉక్కునగరంలోనైనా డిస్కు పోత ఇనుమే కదా, తడి తగిలితే రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. నాలుగుసార్లు బ్రేకు వేస్తే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి. భయపడాల్సిన చెమ్మ బ్రేక్ ఆయిల్లో ఉంటుంది. డాట్ 3, డాట్ 4 రకాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి దిగుతుంది. బీచ్ రోడ్డులో ఈ తేడా తెలియదు. అనంతగిరి ఘాట్‌లో గేరు తగ్గించకుండా, కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే తెలుస్తుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేలకంటుతుంది. కిందికొచ్చి బండి చల్లారాక పెడల్ మళ్లీ మామూలే. మెకానిక్కుకి ఏ లోపమూ దొరకదు, తప్పంతా డ్రైవరుదే అవుతుంది.

కొత్త బళ్లకు ఏబీఎస్ ఉందిగా అంటారు. అది చక్రం బిగుసుకుపోయి జారకుండా చూస్తుందే తప్ప ఆయిల్నీ పిన్నులనూ బాగుచేయదు. బ్రేకుల జోలికి ఇంట్లో పోవడమే ప్రమాదమన్న అభ్యంతరం గట్టిదే. కానీ అది మరమ్మతుకు వర్తిస్తుంది, పరీక్షకు కాదు. బండి ఆపి, పెడల్ నొక్కిపట్టి ఉంచితే మెల్లగా కిందికి జారుతోందంటే మాస్టర్ సిలిండర్ లోపలో, బయట ఎక్కడో లీకో. మెత్తగా ఉండి, పదేపదే నొక్కితే గట్టిపడుతోందంటే లైన్లో గాలి పట్టి ఉండవచ్చు. బ్రేకు కొట్టగానే ఒక పక్కకి లాగినా, కాసేపు తిరిగొచ్చాక ఒక చక్రం దగ్గరే వేడి ఎక్కువగా తగిలినా, ఏదైనా కాలిపర్ పట్టేసిందేమో చూడాలి. వీటికి పానా కూడా అక్కర్లేదు. అంతకు మించి చక్రం విప్పాలంటే జాకీ ఒక్కటే చాలదు, స్టాండ్లు పెట్టాలి, చదునైన నేల కావాలి. ఇన్ని ఏటవాలు వీధులున్న ఊళ్లో అది దొరకడమే ఒక పని. ప్యాడ్ల పొడిని నోటితో ఊదకూడదు. ఇక ఎయిర్ తీయడమంటే, కొన్ని ఏబీఎస్ బళ్లకు స్కానర్ కావాలి కాబట్టి ఆ పని ఆటోనగర్‌కు వదిలేయడమే నయం.

అయితే ఆటోనగర్‌కు వెళ్లి "బ్రేకులు చూడు" అంటే కొత్త ప్యాడ్లే వస్తాయి. అందులో మోసమేమీ లేదు: ప్యాడ్లకు ధర ఉంది, పిన్ను తుడిచి గ్రీజు పెట్టడానికి బిల్లులో గడి లేదు. "ఎడమ ముందు చక్రం వేడెక్కుతోంది, ఆయిల్ మార్చి రెండేళ్లు దాటింది" అని చెప్పాలి. విప్పిన పాత ప్యాడ్లు జత జతగా చూపించమని అడగాలి. జంటలో ఒకటి పల్చగా, మరొకటి దళసరిగా కనిపిస్తే కొత్తవి బిగించే ముందే పిన్నులు బయటికి తీయించాలి.