చౌక టిక్కెట్టును, మరమ్మతువాని సంతకమును

చౌకగా దొరకు వస్తువును మన పెద్దలు రెండు మారులు త్రిప్పి చూచి గాని కొనరు. విమానపు టిక్కెట్టును త్రిప్పి చూచిన నేమి తెలియును? తక్కువ వెలకు మనలను మోసికొనిపోవువారు విమానమును సరిగా బాగుచేయింతురా యను సందేహము మాకును చిరకాలముగా గలదు.

వెల తగ్గుటకు గల కారణములన్నియు దోషములు కావు. అమెరికాలోని సౌత్‌వెస్టు సంస్థ బోయింగు 737 జాతి విమానములనే నడపుచున్నది. అందుచే మరమ్మతు సామానును, పనివారి శిక్షణయు నొకే తీరుగా నుండి వ్యయము తగ్గును. చౌక సంస్థలు ఉచిత భోజనము పెట్టవు. విమానమును నేలపై నెక్కువసేపు నిలుపవు. పరీక్షల నిబంధనలు మాత్రము చౌక సంస్థకును ఖరీదైన సంస్థకును ఒక్కటియే. మరమ్మతు జరిగిన పిదప, అధికారము పొందినవారు సంతకము చేయనిదే విమానము లేవరాదు.

ఆ సంతకము అబద్ధమైన నేమగునో 1996వ సంవత్సరము మే 11వ తేదీన లోకమునకు తెలిసినది. వేల్యూజెట్టు అను చౌక సంస్థవారి 592వ నంబరు విమానము మయామినుండి అట్లాంటాకు బయలుదేరెను. ఆ సంస్థ పెద్ద మరమ్మతులను బయటి కంపెనీలకు అప్పగించియుండెను. అట్టి కంపెనీయగు సేబర్‌టెక్కులో పనివారు ఇతర విమానములనుండి గడువు తీరిన ప్రాణవాయు యంత్రములను విప్పిరి. రసాయన చర్యచే ప్రాణవాయువును పుట్టించుచు మిక్కిలి వేడెక్కు డబ్బాలవి. పొరపాటున రగులకుండుటకై ఒక్కొక్కదానికి చిన్న ప్లాస్టిక్కు మూత తొడుగవలెను. మూతలు తొడుగలేదు, తొడిగినట్లు కాగితముపై సంతకములు మాత్రము పడెను. అవి ఖాళీవని వ్రాసి, అట్టపెట్టెలలో నుంచి, ఆ విమానపు సామానుగదిలో వేసిరి. బయలుదేరిన సుమారు పది నిమిషములకే విమానము మంటలతో ఎవర్‌గ్లేడ్సు చిత్తడినేలలో కూలెను. అందున్న 110 మందిలో నొక్కరును మిగులలేదు.

1997లో విచారణ సంఘమువారు మరమ్మతు కంపెనీని మాత్రమే తప్పుపట్టి యూరకుండలేదు. దానిపై కన్నువేసి యుంచని వేల్యూజెట్టును, అట్టి సామానుగదులలో పొగను కనిపెట్టి మంటల నార్పు సాధనములను విధింపని ప్రభుత్వ శాఖను గూడ తప్పుపట్టిరి. పనిని ఇతరుల కొప్పగింపవచ్చును గాని, బాధ్యతను ఒప్పగింపరాదని మేము దీనివలన గ్రహించితిమి.

ఒకమారు మేమెక్కిన చౌక విమానము, చక్రముల వద్ద నేదో పరీక్షించుటకై ముప్పావుగంట ఆగినది. ప్రయాణికులు విసుగుకొనిరి. దీపము పట్టుకొని క్రింద వంగియున్న పనివానిని కిటికీలోనుండి చూచి మా అమ్మమ్మగారు, "వానిని నిదానముగా చూడనీయుడు. మనకేమి తొందర?" అనిరి. ఆ ఆలస్యము మాకు భారముగా తోచలేదు.

సోదర విద్యార్థులారా! మీలో కొందరు ముందుముందు అట్టి దీపమును పట్టుకొందురు. కొలువని కొలతను కొలిచినట్లు ప్రయోగశాల పుస్తకములో వ్రాసికొను అలవాటు ఇప్పుడు చిన్నదిగా కనబడును. తొడుగని మూతలకు సంతకము చేసిన చేయియు నట్టి అలవాటు గలదే.