ఏరడం పట్టడం కాదా?

2019లో ఫిలిప్పీన్స్‌లోని బంతాయాన్ దీవిలో ఓ మత్స్యకార కుటుంబంతో కొన్నాళ్ళున్నాను. పొద్దున్నే మొక్కజొన్న నూకన్నం, 'బువాద్' అనే ఎండుచేప వేపుడు, నంజుకోడానికి కొబ్బరికల్లు పులియబెట్టి చేసిన వెనిగర్. మధ్యాహ్నం 'తినోలా' - అల్లం, టమాటా, నిమ్మగడ్డి వేసి పలచగా కాచిన చేపలచారు. దించేముందు అందులో గుప్పెడు మునగాకు. బాలింతలకి పాలు పడతాయని అక్కడా మునగాకే పెడతారు! కూరలేని పూట 'గినామోస్' ఉంటుంది. ఉప్పులో ఊరి పులిసిన చిన్నచేపల ముద్ద అది. వలలో పడ్డ పెద్దచేప అమ్మకానికే. ఇంటికి మిగిలేవి చిన్నవే.

మరి గాలివానకి పడవలు కదలని రోజుల్లో? ఆ ఇంటి ఇల్లాలు ఆటు సమయంలో బుట్ట పట్టుకుని రాళ్ళమధ్య నత్తలు, ఆల్చిప్పలు, తినే నాచు ఏరుకొస్తుంది. ఆ పనిని 'పాంగిన్హస్' అంటారు. గంటల తరబడి వంగిన నడుమే ఆ పూట పిల్లల కడుపు నింపేది.

"అయితే మీరూ చేపలు పట్టేవారే కదా" అన్నాను. ఆమె నవ్వేసింది. "అబ్బే, పట్టేది మా ఆయన. నేను ఏరుకొస్తానంతే" అంది.

పడవెక్కితే వృత్తి, ఒడ్డున ఏరితే ఇంటిపని! 2009లో ఆ దేశం తెచ్చిన 'మహిళల మాగ్నా కార్టా' చట్టం మత్స్యవనరులపై స్త్రీలకి సమాన హక్కులిచ్చింది. సంతోషమే. కానీ ఆమె తన పనిని పనిగా చెప్పుకోడానికి ఇంకా సందేహిస్తూనే ఉంది. రోజూ తినే తిండిని తెచ్చే చేతులకి పేరే లేకపోతే, ఆ హక్కుని అడిగేదెవరు?